తప్పు ఎవరిదైనా లైసెన్సు దిద్దే దారి ఉండాలి

రేడియో కేంద్రం లైసెన్సులో టవర్ ఎక్కడుందో చెప్పేవి రెండే రెండు అంకెలు: అక్షాంశం, రేఖాంశం. ఈ రోజుల్లో ఫోన్‌లో మ్యాపు తెరిస్తే అవి దశాంశాల్లో కనిపిస్తాయి, 17.41 అన్నట్టు. వైర్‌లెస్ అనుమతుల ఫారాలు అడిగేదేమో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో. 17.41 డిగ్రీలను సరిగ్గా మారిస్తే 17 డిగ్రీల 24 నిమిషాల 36 సెకన్లు వస్తుంది. లెక్క వేయకుండా చుక్క తీసేసి 17 డిగ్రీల 41 నిమిషాలని ఎక్కించారనుకోండి. తేడా 16 నిమిషాల 24 సెకన్లు. అక్షాంశంలో ఒక నిమిషమంటే నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు. ఆ లెక్కన ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిసరాల్లో ఉండాల్సిన టవర్ కాగితం మీద 30 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి మేడ్చల్ అవతల తేలుతుంది. కమ్యూనిటీ రేడియో వినిపించేది ఐదు నుంచి పది కిలోమీటర్ల మేర. అంటే లైసెన్సు చెబుతున్న చోటి నుంచి ప్రసారం చేస్తే, అసలు స్టూడియో ఉన్న వీధిలోనే వినపడదు. ఈ పొరపాటు దరఖాస్తు నింపినవారిది కావచ్చు, ఆఫీసులో టైపు చేసినవారిది కావచ్చు. సంతకం, ముద్ర పడ్డాక మాత్రం అదే అధికారిక సత్యమై కూర్చుంటుంది.

కేంద్రం నడిపేవారికి లైసెన్సు తమ సొంత కాగితంలా అనిపిస్తుంది. నిజానికి దాన్ని నమ్ముకుని పనిచేసేవాళ్లు చాలామంది. పక్క పట్టణంలో ఇంకో సంస్థకు అదే ఫ్రీక్వెన్సీ ఇవ్వొచ్చా లేదా అన్నది తేల్చేవారు పాత లైసెన్సుల్లోని అక్షాంశ రేఖాంశాలు, వాట్లు, యాంటెన్నా ఎత్తు చూసే లెక్క కడతారు. విమానాశ్రయాల చుట్టూ ఏ కట్టడం ఎంత ఎత్తుందో చూసేవారూ అంతే. ఫలానా ఫ్రీక్వెన్సీలో గురగుర వస్తోందని ఫిర్యాదు అందితే వైర్‌లెస్ మానిటరింగ్ సిబ్బంది మొదట తీసేది ఆ కాగితాన్నే. 1995 ఫిబ్రవరిలో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాశారు. ప్రజల ఆస్తిలో ఎవరికి ఎంత వాటా, ఎంతకాలం ఇచ్చామన్నది రాసిపెట్టుకునే రిజిస్టరే ఈ లైసెన్సుల దస్త్రం. అందులో తప్పు ఉంటే నష్టం లైసెన్సుదారుతో ఆగదు. కాబట్టి ఆ తప్పు ఎవరి చేతివల్ల వచ్చిందన్న విచారణ కంటే ముందు, దాన్ని త్వరగా, బహిరంగంగా, కొత్త అనుమతి ప్రహసనం లేకుండా దిద్దే దారి ఉండాలన్నదే నా వాదన. ఏ తప్పును ఎలా దిద్దాలో తేల్చే కొలత కూడా ఒకటే ఉండాలి: దిద్దితే ఇంకొకరికి ఏమవుతుంది?

కాగితం మీద చిన్నగా కనిపించేది నేల మీద ఎంత పెద్దదో, పెద్దగా కనిపించేది ఎంత చిన్నదో కొన్ని గళ్లు చూస్తే తెలుస్తుంది. మన కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాల ప్రకారం కేంద్రం నుంచి వెలువడే ప్రభావిత శక్తి మామూలుగా 100 వాట్లు మించకూడదు. తప్పనిసరి అవసరం రుజువు చేసుకుంటే 250 దాకా ఇవ్వొచ్చు. ఈ ప్రభావిత శక్తీ ట్రాన్స్‌మిటర్ పెట్టె నుంచి వచ్చే శక్తీ ఒకటి కావు. యాంటెన్నా తరంగాలను ఒక పక్కకు కేంద్రీకరించడం వల్ల 50 వాట్ల ట్రాన్స్‌మిటరుతోనే 100 వాట్ల ప్రభావం రావచ్చు. ఈ రెండు గళ్లలో అంకెలు తారుమారైతే, కేంద్రం సక్రమంగా నడుస్తున్నా తనిఖీలో పరిమితి దాటినట్టు తేలుతుంది. లేదా సగం శక్తితోనే నెట్టుకురావాల్సి వస్తుంది. ఎత్తు విషయం ఇంకా తమాషా. యాంటెన్నా నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు మించకూడదు. హైదరాబాద్ నేలే సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తును నేల నుంచి ఎత్తు అడిగిన గడిలో వేస్తే, మూడంతస్తుల మేడ మీది ఇనప కంబం కాగితంలో అర కిలోమీటరు దాటి ఆకాశంలోకి లేస్తుంది. చూడగానే నవ్వొచ్చే తప్పు. నవ్వొచ్చేంత స్పష్టమైనవి కాబట్టే ఇలాంటివాటిని దిద్దడానికి మళ్లీ మొదటి నుంచి ఫైలు నడపనక్కర్లేదు. పేర్ల సంగతి సరేసరి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ల పేర్లు 'మొదటి పేరు, చివరి పేరు' అని అడిగే పెట్టెల్లో తిరగబడిపోవడం తెలుగువాళ్లందరికీ అలవాటైన బాధే. సొసైటీ పేరులో ఒక అక్షరం జారినా తరంగాలకు వచ్చిన నష్టమేమీ లేదు. బ్యాంకులోనూ పునరుద్ధరణ దరఖాస్తులోనూ మాత్రం అదే అడ్డం పడుతుంది.

ఎవరూ తప్పు చేయకుండానే లైసెన్సు తప్పయిపోయే సందర్భాలూ ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడిపే సంఘం రేడియోనే తీసుకోండి. 1990ల చివరికే స్టూడియో సిద్ధం చేసుకుని, అనుమతి కోసం దాదాపు పదేళ్లు ఎదురుచూసి, 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. గ్రామీణ భారతంలోని తొలి కమ్యూనిటీ రేడియోల్లో అదొకటి. అప్పుడు ఆ ఊరు మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 దసరా నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ ఊరు సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. టవర్ అంగుళం కదల్లేదు. ఊళ్లో ఎవరూ ఏ మార్పూ కోరలేదు. చిరునామా మార్చింది ప్రభుత్వం. ఈ తరహా తేడాను లైసెన్సుదారు అర్జీ పెట్టుకుని, అఫిడవిట్ వేసి సరిచేయించుకోవాలనడం న్యాయం కాదు. జిల్లాల గజెట్ నోటిఫికేషన్ వచ్చిన రోజే ఆ పరిధిలోని లైసెన్సులన్నీ ఒక్క ఉత్తర్వుతో సవరించవచ్చు. జిల్లా పేరే కదా, పోనిద్దురూ అనడానికీ ఇప్పుడు వీల్లేదు. 2024 ఫిబ్రవరిలో సవరించిన కమ్యూనిటీ రేడియో విధానం ప్రకారం ఒకే సంస్థ వేర్వేరు జిల్లాల్లో ఆరు కేంద్రాల దాకా పెట్టుకోవచ్చు. తిరుపతి, చిత్తూరు ఒకే జిల్లాలో ఉన్న రోజుల నాటి కాగితం చూపి, అవి ఇప్పుడు రెండు జిల్లాలని అర్హత నిరూపించుకోవాల్సిన స్థితి ఏ సంస్థకూ రాకూడదు.

మన దగ్గర ఈ చిక్కు ముడిపడటానికి మూలం ఒకటుంది. కమ్యూనిటీ రేడియోకు అనుమతి ఇచ్చి ఒప్పందం రాసుకునేది సమాచార, ప్రసార శాఖ. ఫ్రీక్వెన్సీ కేటాయించి, టవర్ స్థలానికి క్లియరెన్సు ఇచ్చి, వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్సు చేతికిచ్చేది టెలికం శాఖ. ఒకే కేంద్రం వివరాలు రెండు శాఖల కాగితాల్లో విడివిడిగా టైపవుతాయి. రెండుచోట్ల టైపైనదేదైనా రెండు రకాలుగా టైపయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒక శాఖ దిద్దినా రెండో శాఖ దిద్దేదాకా ఆ కేంద్రానికి రెండు అధికారిక చిరునామాలు, ఒక్కోసారి రెండు అధికారిక ఎత్తులు. పైగా మొదటిది ఒప్పందం రూపంలో ఉంటుంది, అంటే ఇద్దరు సంతకం చేసిన పత్రం. పత్రంలో ఇరుపక్షాలూ పొరపాటు పడితే దాన్ని కోర్టు ద్వారా సరిచేయించుకునే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కల్పిస్తోంది. చట్టపరంగా అది హక్కే. కానీ ఒక సర్వే నంబరు దిద్దించుకోవడానికి పల్లెటూరి మహిళా సంఘం సివిల్ కోర్టు మెట్లెక్కాలా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

దారి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, మన చట్టాల్లోనే ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ ప్రకారం తీర్పులో రాత పొరపాటో లెక్క పొరపాటో దొర్లితే కోర్టు తనంతట తానుగానీ, ఎవరైనా అడిగితేగానీ, ఎప్పుడైనా దిద్దవచ్చు. తీర్పు చెప్పేశాక దానిపై అధికారం వదులుకునే న్యాయమూర్తికే ఆ వెసులుబాటు ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ఇంకో మంచి పద్ధతి చెబుతుంది: పాత నమోదును చెరపకుండా, దాని పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. ఏముండేదో, ఏమైందో, ఎప్పుడు మారిందో మూడూ ఒకేచోట కనిపిస్తాయి. అన్నిటికన్నా వివరంగా రాసింది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 154వ సెక్షన్‌లో. రికార్డు చూడగానే తెలిసిపోయే తప్పును అధికారి తనంతట తానే దిద్దవచ్చు. పన్ను చెల్లింపుదారు అడిగితే ఆరు నెలల్లో తేల్చాలి. దిద్దుబాటు వల్ల చెల్లింపుదారుపై భారం పెరిగేటట్టయితే ముందు నోటీసు ఇచ్చి వినాలి. చూడగానే తెలిసే తప్పంటే ఏమిటో 1971లో వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో సుప్రీంకోర్టు గిరి గీసింది. రెండు అభిప్రాయాలకు తావున్న విషయంపై సుదీర్ఘంగా వాదించి తేల్చాల్సి వస్తే అది ఈ సెక్షన్ కిందికి రాదంది. కోట్లమంది పన్ను లెక్కల్లో అమలు చేయగలిగిన పద్ధతిని, ఐదొందలకు పైబడిన కమ్యూనిటీ రేడియోలకు, కొన్ని వందల ప్రైవేటు ఎఫ్.ఎం. చానళ్లకు వర్తింపజేయడం పెద్ద పనా?

రేడియో లైసెన్సుల దిద్దుబాటుకే ప్రత్యేకంగా రాసుకున్న నిబంధనలు చూడాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ ప్రసార లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధనల్లో ఒక ముచ్చటైన గీత ఉంది. టవర్ ఉన్నచోటే ఉండి, కాగితం మీది అక్షాంశంలోనో రేఖాంశంలోనో మూడు సెకన్లకు మించని తేడా ఉంటే, కొత్త నిర్మాణ అనుమతి తీసుకోనక్కర్లేదు. లైసెన్సు సవరణ దరఖాస్తు ఒక్కటి చాలు. అక్షాంశంలో మూడు సెకన్లంటే సుమారు 90 మీటర్లు. దీనికి షరతులున్నాయి: ఇంకే వివరమూ మారకూడదు, దిద్దిన అంకె వల్ల పక్క కేంద్రాలతో ఉండాల్సిన కనీస దూరం కొత్తగా తగ్గిపోకూడదు. మూడు సెకన్లు దాటితే మాత్రం టవర్‌ను నిజంగా జరిపినట్టే లెక్క, మొత్తం అనుమతి ప్రక్రియ నడవాల్సిందే. ఈ గీత నాకు నచ్చింది ఎందుకంటే, అది తప్పు చేసింది ఎవరని అడగదు, ఉద్దేశమేమిటని అడగదు. దిద్దితే పక్కవాడికి ఏమైనా అవుతుందా అన్న ఒక్కటే కొలుస్తుంది.

ఆ మూడు సెకన్ల వెనక ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది. భూమి ఆకారాన్ని ఏ లెక్కతో కొలుస్తామన్నదాన్ని బట్టి ఒకే చోటుకు వేర్వేరు అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. అమెరికాలో ప్రసార లైసెన్సులు చాలాకాలం 1927 నాటి కొలమానాన్ని పట్టుకు వేలాడాయి. అదే కమిషన్ నడిపే టవర్ల రిజిస్టరు 1983 నాటి కొలమానం వాడింది. అలా ఒకే టవర్‌కు ఒకే కార్యాలయంలో రెండు జతల అంకెలు ఉండేవి, రెండూ సరైనవే. మన దగ్గరా సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు 1830 నాటి ఎవరెస్ట్ కొలమానం మీద గీసినవి. ఫోన్‌లోని జీపీఎస్ ఇంకో కొలమానం చెబుతుంది. మన ప్రాంతంలో ఆ రెంటి మధ్య తేడా వంద మీటర్లు దాటుతుంది. పాత పటం చూసి నింపిన అంకెకూ, తనిఖీకి వచ్చినవారి చేతిలోని పరికరం చూపే అంకెకూ పొత్తు కుదరకపోతే అందులో నేరమేమీ లేదు. మనకూ ఇలాంటి సహన పరిమితి ఒకటి రాసిపెట్టి ఉంటే ఆ తనిఖీ ఐదు నిమిషాల్లో ముగుస్తుంది.

అమెరికా పద్ధతిలో ఇంకో రెండు అంశాలు మనకు పనికొస్తాయి. అడిగినదానికి భిన్నమైన షరతులతో అనుమతి వస్తే దరఖాస్తుదారు 30 రోజుల్లోగా దాన్ని తిరస్కరించి చెప్పాలి, మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. కటువుగా కనిపించినా ఇందులో న్యాయముంది, వచ్చిన కాగితాన్ని చదివే బాధ్యత లైసెన్సుదారుదే. మరోవైపు, కమిషనే తన చొరవతో లైసెన్సును మార్చాలనుకుంటే 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం 316వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారుకు కారణాలతో లిఖితపూర్వక నోటీసిచ్చి, అభ్యంతరం చెప్పుకోవడానికి మామూలుగా కనీసం 30 రోజులు ఇవ్వాలి. గడువు రెండు వైపులా ఉంది, మాట రెండు వైపులా వింటారు.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. దిద్దుబాటు పేరు చెప్పి లైసెన్సును పెంచుకుంటారు కదా అంటారు అధికారులు. వంద వాట్లవాడు 'అది రాతపొరపాటు, నేనడిగింది 250' అంటే? ఊరి చివర టవర్ పెట్టుకుంటానని అనుమతి తీసుకుని, గుట్టమీద కట్టేసి, 'అక్షాంశం తప్పుపడింది' అంటే? భయం అబద్ధం కాదు. అటువంటివారు ఉంటారు. ఇదే భయం లైసెన్సుదారుకూ ఉంటుంది: ప్రభుత్వం తన మనసు మార్చుకుని, ఇచ్చిన అనుమతిని దిద్దుబాటు పేరుతో కత్తిరిస్తే? ఈ రెండు భయాలకూ సమాధానం అమెరికా సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో దొరుకుతుంది. అవి రేడియోవి కావు, రవాణా పర్మిట్లవి. 1947లో సీట్రెయిన్ లైన్స్ కేసు. రైలు బోగీలను ఓడల మీద మోసే ఆ కంపెనీకి అన్ని రకాల సరుకులూ మోసుకోవచ్చని సర్టిఫికెట్ ఇచ్చిన రవాణా కమిషన్, తరవాత దాన్ని తిరగదోడి హక్కు కుదించబోయింది. కోర్టు ఒప్పుకోలేదు: ఇది రాతపొరపాటు దిద్దడం కాదు, కొత్త విధానాన్ని వెనక్కి లాక్కొచ్చి పాత సర్టిఫికెట్‌కు అతికించడం అంది. 1958లో ఫ్రిస్కో ట్రాన్స్‌పోర్టేషన్ కేసు. అదే కమిషన్ ఒక లారీ కంపెనీకి షరతులతో అనుమతి ఇవ్వాలని నిర్ణయించింది. సర్టిఫికెట్ రాసేటప్పుడు ఆ షరతులు జారిపోయాయి. ఏళ్ల తరవాత చేరుస్తామంటే కంపెనీ అడ్డం తిరిగింది. ఇది మాత్రం నిజమైన పొరపాటు దిద్దుబాటేనని కోర్టు కమిషన్ పక్షం వహించింది.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే పరీక్ష ఏమిటో తేలిపోతుంది. లైసెన్సు జారీ అయిన రోజున అసలు నిర్ణయం ఏమిటి? ఆ నిర్ణయానికీ కాగితానికీ మధ్య తేడా ఉంటే అది పొరపాటు, దిద్దాలి. నిర్ణయమే మార్చాలనుకుంటే అది వేరే సంగతి, వేరే దరఖాస్తు. దీన్ని మన పద్ధతిలోకి దించడం కష్టం కాదు. దిద్దుబాటు కోరేవారు ఎవరైనా సరే, లైసెన్సు తేదీకి ముందున్న కాగితం చూపాలి: మొదటి దరఖాస్తు, స్థల క్లియరెన్సు, కేటాయింపు లేఖ, ఇలాంటివి. 250 వాట్లు కోరినట్టు, మంజూరైనట్టు పాత ఫైల్లో ఉంటే దిద్దుతారు, లేకపోతే లేదు. గుట్ట మీది టవర్‌కు పాత క్లియరెన్సు దొరకదు. శాఖ కూడా అంతే, ఆనాటి ఫైల్లో లేని షరతును 'దిద్దుబాటు'గా దూర్చలేదు. దొంగచాటు పెంపును ఆపేది ఈ పరీక్షే, దిద్దుబాటును కష్టం చేయడం కాదు. దిద్దుబాటు దుర్లభమైతే నిజాయతీ ఉన్నవాడు అర్జీలు పట్టుకు తిరుగుతాడు. లేనివాడు ఎలాగూ అడగడు, గుట్టుగా వాట్లు పెంచుకుని కూర్చుంటాడు.

తప్పు లైసెన్సుదారుకు లాభం చేసేదైతే ఏం చేయాలన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. వందకు బదులు వెయ్యి వాట్లని అచ్చుపడింది. ఆ కేంద్రం వెయ్యి వాట్ల ట్రాన్స్‌మిటర్ కొనేసింది. 'ప్రభుత్వ ముద్ర ఉంది, నా తప్పేముంది?' అంటుంది. నా మట్టుకు నేను దానికి ఏ హక్కూ పుట్టదంటాను. తాను అడిగింది వంద అని, విధానం ఒప్పుకునేది ఎంతని దానికి తెలుసు. అయితే నోటీసు అందేదాకా నడిపినదానికి జరిమానా వేయడమూ సబబు కాదు, ముద్ర వేసింది ప్రభుత్వమే కనుక. నోటీసు ఇచ్చి, కొద్ది గడువులో తగ్గించమనాలి. పక్క కేంద్రానికి అంతరాయం కలుగుతుంటే ఆ రోజే తగ్గించమనాలి. దీనికి తిరగేసిన సందర్భంలో, అంటే మంజూరైన ప్రకారం నడుస్తూ కాగితం తప్పు వల్ల దోషిగా కనిపిస్తున్న కేంద్రం విషయంలో, దిద్దుబాటు మొదటి తేదీ నుంచే వర్తించాలి. లేకపోతే లైసెన్సు సరయ్యాక కూడా నిన్నటిదాకా నడిపినది ఉల్లంఘనగానే మిగులుతుంది. దిద్దుబాటు అర్జీ పెట్టిన రోజు నుంచి అది తేలేదాకా ఆ అంశంపై చర్య తీసుకోకూడదన్న రక్షణ కూడా కావాలి. ఈ మాట లేకపోతే ఎవరూ ముందుకొచ్చి తమ కాగితంలో తప్పుందని చెప్పరు.

సిబ్బంది చాలరన్నది ఎప్పుడూ వినే సమాధానం. తప్పులు పుట్టేచోటే ఆపితే దిద్దే పని సగానికి సగం తగ్గుతుంది. రాసిన అక్షాంశ రేఖాంశాలు రాసిన జిల్లాలో పడుతున్నాయో లేదో కంప్యూటరే చూసి చెప్పగలదు. నేల నుంచి ఎత్తు గడిలో 30 దాటిన అంకెను తీసుకోకుండా నిరాకరించగలదు. రెండు శాఖలూ ఒకే నమోదు నుంచి వివరాలు తీసుకుంటే రెండుసార్లు టైపు చేసే అవసరమే ఉండదు. లైసెన్సు అచ్చయ్యే ముందు దాని నమూనాను దరఖాస్తుదారుకు పంపి వారం రోజులు గడువిస్తే, పేర్ల తప్పులు అక్కడికక్కడే తీరిపోతాయి. భద్రత కారణంగా వివరాలు బయటపెట్టలేమనేవారు కూడా ఉంటారు. టవర్ రోడ్డు మీద వెళ్లే ప్రతివాడికీ కనిపించేదే. ఫ్రీక్వెన్సీ రోజంతా ఆ కేంద్రమే మైకులో చెప్పుకుంటుంది. దాచడానికి మిగిలిందేమిటో నాకు తెలియదు. జనన రిజిస్టరులో లాగా పాత నమోదు, కొత్త నమోదు, తేదీ, కారణం అందరూ చూసేలా ఉంచితే, పక్క కేంద్రంవారే మొదటి కాపలాదారులవుతారు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, నిబంధనలు తిరగరాస్తున్న కాలమిది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. దాని కింద రేడియోతో సహా ప్రసార సేవల అనుమతులు ఎలా ఉండాలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సిఫార్సులు చేసింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్.ఎం. చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్టణాల్లో 68, తెలంగాణకు 10 పట్టణాల్లో 31 ఉన్నాయి. కమ్యూనిటీ రేడియో తొలి అనుమతి కాలాన్ని ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు, మంచిదే. కానీ అందులో తప్పు పడితే అదీ పదేళ్లు ఉంటుంది. కొత్త అనుమతుల నిబంధనల్లో దిద్దుబాటుకు ఒక ప్రత్యేక నిబంధన చేర్చడానికి ఇంతకన్నా అనువైన సమయం రాదు. తనంతట తాను దిద్దే అధికారం, నిర్ణీత గడువు, ఆఫీసు తప్పయితే రుసుము లేకపోవడం, భారం పడే పక్షానికి నోటీసు, పాత తేదీ నుంచి వర్తింపు, రెండు శాఖలకూ ఒకే ఉత్తర్వు ఆ నిబంధనలో ఉండాలి. సమాచార, ప్రసార శాఖ, టెలికం శాఖ కలిసి కూర్చుంటే ఒక పేజీలో రాసుకోగల విషయమిది.

కొత్తగా అనుమతి అందుకునే సంస్థలు ఆ నిబంధన కోసం ఆగనక్కర్లేదు. కాగితం చేతికొచ్చిన వారంలోనే దరఖాస్తు ప్రతిని, స్థల క్లియరెన్సును, రెండు శాఖల పత్రాలను పక్కపక్కన పెట్టి పేరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, వాట్లు, ఫ్రీక్వెన్సీ ఒక్కొక్కటీ సరిచూసుకోండి. తేడా కనిపిస్తే ఆ రోజే రెండు శాఖలకూ లిఖితపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు తీసుకుని భద్రంగా ఉంచుకోండి.